పాటకూ పాటకూ నడుమ మాట

మన విమర్శ పాట గురించి చాలా రాసింది. వస్తువేమిటి, బాణీ ఎక్కడిది, ఏ వర్గం తరఫున నిలబడింది, ఏ ఉద్యమం కడుపున పుట్టింది అన్న ప్రశ్నలకు వందల పేజీల జవాబులున్నాయి. కాని గాయకుడు ఒక పాట ముగించి, మొహాన చెమట తుడుచుకుని, ఇంకొక పాట ఎత్తుకునే లోపల జనంతో చెప్పే నాలుగు మాటల గురించి మనం రాసింది బహు తక్కువ. పాటల పుస్తకాలు తీసి చూడండి. పల్లవి ఉంటుంది, చరణాలుంటాయి, వంత ఎక్కడ అందుకోవాలో కూడా ఉంటుంది. మాట ఉండదు. సభ చూసి వచ్చినవాడు మర్నాడు టీకొట్టు దగ్గర మొదట ఎత్తుకునేది మాత్రం ఆ మాటే. "రాత్రి ఏమన్నాడో విన్నావా?" అంటాడు. ఏం పాడాడన్నది ఆ తర్వాతి సంగతి.

ఇది చిన్న లోపం కాదు. ప్రజాకళాకారుడి పాట నిన్న కట్టింది. మాట ఇవాళ పుట్టేది. పాట అతని గతాన్ని మోస్తుంది. మాట అతని వర్తమానానికి పూచీ పడుతుంది. కళాకారుడు వయసు మీరేకొద్దీ ఈ రెంటి మధ్య దూరం పెరుగుతుంది. ఆ దూరాన్ని అతడు ఎట్లా దాటాడన్నది అతని కళకు చివరి పరీక్ష. షేక్ నాజర్, గద్దర్ అనే ఇద్దరు పెద్దల చరిత్రను ఈ వైపు నుంచి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ మాట నిన్న మొన్న వచ్చింది కాదు. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ ఎదురుపడబోతుండగా కేతిగాడూ బంగారక్కా తెర మీదికి దూకి ఊరి సంగతులు మాట్లాడతారు. హరిదాసు కథ ఆపి పిట్టకథ చెబుతాడు. మా పుల్లలచెరువు పల్నాడు అంచున ఉన్న ఊరు. కారంపూడిలో కార్తీక అమావాస్యతో మొదలై అయిదు రోజులు సాగే వీరుల తిరునాళ్లలో వీరవిద్యావంతులు పల్నాటి కథ చెబుతారు. ఆ కథను అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడి నోట విని, జీన్ రోఘేర్ అనే అమెరికన్ పండితుడు ఇంగ్లీషులోకి అనువదించి 1982లో పుస్తకంగా వేశాడు. పేరు తెలిసిన కవి రాసిన కావ్యానికి దక్కే మర్యాద నోటిమాటగా సాగిన కథకు దక్కడం అరుదు. అయినా చదివేవాడికి ఒక సంగతి తెలియకపోదు. ఎదుట కూర్చున్న జనం లేకపోతే ఆ కథ నడక ఆ విధంగా ఉండదు. వినేవాడి ముఖం కూడా కథలో భాగమే.

బుర్రకథ ఈ సంప్రదాయాన్నంతా ఒక పద్ధతిలో పెట్టింది. మధ్యలో తంబురా భుజాన వేసుకుని, అందెలు మోగిస్తూ కథకుడు. చెరొక పక్క గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంత పని హాస్యం, రెండవ వంత పని రాజకీయం. ఈ పనివిభజనను మనం ఎన్నోసార్లు చదివాం, పిల్లలకు పాఠంగా చెప్పాం. దాని అర్థం మాత్రం ఆలోచించలేదు. కథ బొబ్బిలిదయినా పల్నాటిదయినా సరే, నడుమ ఆపి, నేటి ధరల గురించి, నేటి మంత్రి గురించి, ఈ ఊరి కరణం గురించి ప్రశ్న వేసే హక్కు ఒక మనిషికి ప్రత్యేకంగా ఇచ్చిన కళారూపం ఇది. కథకుడు రాగంలో లేచిపోతుంటే వంత అతన్ని కాళ్లు పట్టి నేలకు దించుతాడు. ఎగరడమూ దిగడమూ రెండూ కలిస్తేనే బుర్రకథ.

నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో, దూదేకుల కుటుంబంలో పుట్టాడు. పేదరికంలో సంగీతం నేర్చాడు. 1943లో ఒకవైపు బెంగాల్ కరువు లక్షల ప్రాణాలను మింగుతుంటే మరొకవైపు ప్రజానాట్యమండలి రూపుదిద్దుకుంది. జంగం కథగా వాడవాడ తిరిగిన పాత రూపాన్ని కమ్యూనిస్టు కార్యకర్తలు కొత్త పనికి పెట్టారు. ఆ పనికి నాజర్ గొంతు దొరికింది. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఆయన నోట ఊరూరా మోగాయి. ముస్లిం ఇంట పుట్టినవాడు బ్రహ్మనాయుడి చాపకూడు గురించి చెబుతుంటే, ఆ మాటకు కావ్యంలో లేని బరువు వచ్చింది. చాపకూడు అంటే అన్ని కులాలూ ఒక చాప మీద కూర్చుని తినడం. ఆ సంగతి చెప్పిన కథకుడికే ఆ రోజుల్లో ఎన్ని ఊళ్లలో ఎన్ని అరుగులు దూరంగా ఉండి ఉంటాయో పాఠకులు ఊహించుకోవచ్చు.

1940ల చివర మద్రాసు ప్రభుత్వం సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల "మాభూమి" నాటకాన్ని నిషేధించింది; బుర్రకథల మీదా నిషేధం పెట్టింది. నాటకాన్ని నిషేధించడం అర్థమవుతుంది. దానికి ఒక రాతప్రతి ఉంది, ఫలానా రంగంలో ఫలానా మాట ఉందని వేలుపెట్టి చూపవచ్చు. 1876లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన నాటక ప్రదర్శనల చట్టం కూడా ప్రధానంగా అటువంటి రాసిపెట్టిన నాటకాన్ని కళ్లముందు ఉంచుకుని పుట్టినదే. మరి బొబ్బిలి కథలో రాజద్రోహం ఎక్కడుంది? చరిత్రలో జరిగిపోయిన యుద్ధం అది. ద్రోహమంతా వంత వేసే ప్రశ్నలో ఉంది. ఆ ప్రశ్న ఏ కాగితం మీదా లేదు. పొద్దున పోలీసు కాగితం చూసి అనుమతిస్తే, రాత్రికి అదే కథలో ఇంకొక మాట పుడుతుంది. ఒక కథను కాక ఒక కళారూపాన్నే నిషేధించవలసి రావడానికి కారణం ఇక్కడ ఉందని నా వాదన. మన విమర్శకుల కంటే ముందే పాలకులు ఈ మాట విలువ గ్రహించారు.

వాళ్లు ఇంకొక సంగతి కూడా గ్రహించారు. 1954లో కేంద్రప్రభుత్వం పాటల, నాటకాల విభాగాన్ని నెలకొల్పింది. కుటుంబ నియంత్రణ, చిన్నమొత్తాల పొదుపు, పంచవర్ష ప్రణాళికలు బుర్రకథలోకి వచ్చాయి. ఆ ప్రచారంలో మేలు లేదని కాదు. టీకా గురించి తంబురా మీద చెబితే తప్పేమీ లేదు. కాని అక్కడ రాజకీయం చెప్పే వంత నోట ముందుగానే రాసిచ్చిన మాట పెట్టారు. తంబురా అదే, గుమ్మెట అదే, తందానా అదే; ప్రశ్న వేసే హక్కు ఒక్కటే మాయమైంది. రూపాన్ని బతికించి ప్రాణాన్ని తీయడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ కావాలా? వస్తువే ప్రధానమా, శిల్పమే ప్రధానమా అని మనం ఏళ్ల తరబడి వాదించుకున్నాం. ఈ రెంటికీ నడుమ జారిపోయిన మూడవది ఒకటి ఉందని ఆ వాదనలో తట్టలేదు.

నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశాడు. ఆయన జీవితాన్ని అంగడాల వెంకటరమణమూర్తి అక్షరబద్ధం చేసిన పుస్తకం "పింజారి". కులం పేరుతో జనం తిట్టుగా వాడిన మాటను తన కథకు పేరుగా నిలబెట్టడం ఒక వంతగాడి చమత్కారమే. ఆ పుస్తకం విలువ కూడా అందులోని మాటతీరులో ఉంది. ముసలితనంలో గొంతు తగ్గిన కళాకారుడికి చివరిదాకా మిగిలే సాధనం మాట. నాజర్ విషయంలో ఆ మాటను కాగితం మీదికి ఎత్తినవాడొకడు దొరికాడు. అందరికీ ఆ అదృష్టం లేదు.

రెండవ తరానికి వస్తే, మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు కూడా బుర్రకథ నుంచే నడక మొదలుపెట్టాడు. 1972లో జననాట్యమండలి ఏర్పడింది. అమెరికాలోని పంజాబీ వలసకూలీలు 1913లో స్థాపించిన గదర్ పార్టీ పేరు ఆయన పేరయింది. బుర్రకథలో ముగ్గురు పంచుకున్న పనులను గద్దర్ ఒక్కడే నెత్తిన వేసుకున్నాడు. కథకుడూ ఆయనే, హాస్యమూ ఆయనే, రాజకీయమూ ఆయనే. గోచీ, గొంగడి, గజ్జెలు, చేతిలో కర్ర. చరణం నడుమ ఆగి, ముందు వరుసలో కూర్చున్న తల్లిని పలకరించి, ఆమె ముఖంలోంచి తర్వాతి మాట తీసుకుని మళ్లీ పాటలోకి దిగేవాడు. ఎక్కడ మాట ఆగి పాట మొదలయిందో చెప్పడం కష్టమయ్యేది. 1990 ఫిబ్రవరిలో, అజ్ఞాతవాసం తర్వాత, హైదరాబాదు నిజాం కళాశాల మైదానంలో ఆయనను చూడటానికి వచ్చిన జనసముద్రం పాటలు వినడానికే రాలేదు. పాటలు అప్పటికే క్యాసెట్లలో ఇంటింటా ఉన్నాయి. ఇన్నాళ్లకు కనిపించిన మనిషి ఏమంటాడో వినడానికి వచ్చారు.

ఇక్కడ మా జిల్లాకు సంబంధించిన ఒక ఉదాహరణ చెప్పాలి. 1985 జులై 17న, అప్పటి ప్రకాశం జిల్లాలోని కారంచేడులో దళితుల మీద భూస్వాములు దాడిచేసి చంపారు. గద్దర్ దానిమీద పాట కట్టాడు. ఆ ఏడు ఆ పాటకు వివరణ అక్కర్లేదు. వినేవాడికి ఊరి పేరు చాలు. ఇప్పుడు నా తరగతిలో పిల్లలకు ఆ పాట ఫోనులో వినడం వచ్చు, దరువుకు తల ఊపడం వచ్చు. కారంచేడు ఎక్కడుందో, అక్కడ చెరువు నీళ్ల దగ్గర తగవు ఎట్లా మొదలయిందో తెలియదు. మార్కాపురం, గిద్దలూరు వైపు నీళ్ల తగవంటే తెలియని పిల్లవాడు లేడు. అయినా ఆ పాటకూ తన ఊరి బిందెల వరుసకూ ఉన్న చుట్టరికం ఎవరూ చెప్పనిదే వాడికి తట్టదు. ఆ చుట్టరికం చెప్పేది పాటకు ముందు గాయకుడు చెప్పే మాటే. పాట పాతబడుతుంది, మాట దానికి అతుకు వేస్తుంది. ఫోను పాటను దాచింది, అతుకును పారేసింది.

ఈ సమస్య మనకొక్కరికే కాదు. పాశ్చాత్యదేశాల్లో రాక్ సంగీతం యువకుల తిరుగుబాటుగా మొదలయింది. 1962లో పుట్టిన రోలింగ్ స్టోన్స్ బృందం 2024లో అమెరికాలో పర్యటించినప్పుడు, దాని ప్రాయోజకులు అక్కడి వయోవృద్ధుల సంఘం. అందులో నవ్వవలసిందేమీ లేదు; శ్రోతలూ గాయకులతోపాటే పెద్దవాళ్లయ్యారు. టిక్కెట్టు కొన్నవాడు పాత పాట పాతగానే ఉండాలని కోరతాడు. ఆ కోరికకు లొంగకుండా నిలబడినవాళ్లలో ఒకడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్. 2017, 2018 సంవత్సరాల్లో న్యూయార్కులోని ఒక చిన్న నాటకశాలలో, పాటతో సమానంగా మాటకు చోటిచ్చి, తండ్రి గురించీ పుట్టిన ఊరి గురించీ చెబుతూ ఒంటరిగా ప్రదర్శనలిచ్చాడు. బాబ్ డిలన్ దీనికి వ్యతిరేకం; వేదిక మీద దాదాపు మాట్లాడడు, బాణీనే మార్చేస్తాడు. 1968లో జానీ క్యాష్ ఫోల్సమ్ జైలులో ఖైదీల ముందు పాడినప్పుడు, నడుమ వాళ్లతో ఆడిన మాటలను కూడా రికార్డులో ఉంచారు. ఆ మాటలు తీసేస్తే అది జైలు అని మనకు తెలిసేది సగమే. వాళ్ల వ్యాపారం సంగతి ఎట్లా ఉన్నా, మాటను దాచాలన్న తెలివి వాళ్లకుంది.

గద్దర్ చివరి కాలం దగ్గరికి వస్తే ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. 2017లో మావోయిస్టు రాజకీయాలకు దూరం జరిగాడు. 2018లో మొదటిసారి ఓటు వేశానన్నాడు. 2023 ఆగస్టు 6న మరణించాడు. పాటలు మాత్రం ఓటును కాదన్న రోజుల్లో కట్టినవి. అదే పాటను ఓటు అడిగే వేదిక మీద పాడితే ఏం జరుగుతుంది? పాట తనంతట తాను మారదు. ఎందుకు మారానో, ఏది మారలేదో చెప్పవలసిన భారమంతా నడుమ మాట మీద పడుతుంది. ఆ భారాన్ని ఆయన కొన్నిచోట్ల మోశాడు, కొన్నిచోట్ల పాత పాట గర్జన చాటున దాటవేశాడు. అభిమానులు ఆ గర్జననే కోరారు. విమర్శకులు ఆ దాటవేతనే చూశారు. ఇద్దరూ మాటను పూర్తిగా వినలేదు. మార్పును ఖండించడానికైనా సమర్థించడానికైనా మన దగ్గర ఉండవలసిన మొదటి ఆధారం ఆ మాటలే కదా!

ఒక అభ్యంతరం ఎదురుకావచ్చు. నడుమ మాటకు ఇంత విలువిస్తే కళ కాస్తా కాలక్షేపమవుతుంది, కళాకారుడి చుట్టూ వ్యక్తిపూజ పెరుగుతుంది అనవచ్చు. ప్రమాదం ఉన్నమాట నిజమే. ముసలి కళాకారుడి మాటకు రెండు దారులుంటాయి. ఆ రోజుల్లో నేనెంతవాణ్ణో అని చెప్పేది ఒకటి. ఆ రోజుల్లో మీ తాత ఎట్లా నిలబడ్డాడో అని చెప్పేది మరొకటి. మొదటిది వినేవాణ్ణి చప్పట్లకు కూర్చోబెడుతుంది. రెండవది ఇంటికి పోయి తాతను అడిగేటట్టు చేస్తుంది. ఈ రెంటినీ వేరుచేసి చూపడం విమర్శకుడి పని. మాటను నమోదు చేయకుండా ఆ పని ఎట్లా చేస్తాం?

కాబట్టి మన సంఘాలు చేయవలసిన పని ఒకటుంది. ప్రజానాట్యమండలిలో, జననాట్యమండలిలో, ఇంకా పేరులేని ఎన్నో దళాల్లో పాడినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. కొందరికి గొంతు పోయింది, కొందరికి పళ్లు పోయాయి. పాట అడిగితే సిగ్గుపడతారు. మాట అడిగితే తెల్లవార్లూ చెబుతారు. ఏ ఊళ్లో ఏ వంత ఏ ప్రశ్న వేశాడు, ఎవడు లేచి వెళ్లిపోయాడు, ఎవడు నవ్వాడు, ఎవరింట్లో ఆ రాత్రి అన్నం పెట్టారు అన్నవి రాసుకోవాలి. పాటల సంకలనం అచ్చువేసే ప్రతి శాఖా, పాట పక్కన ఆ పాటను ఎట్లా చెప్పి ఎత్తుకునేవారో రెండు వాక్యాలైనా వేయాలి. ఈ పనికి ప్రతిభ కంటే ఓపిక ఎక్కువ కావాలి. వాళ్లలో చాలామంది ఎనభై దాటారు కనుక, ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టడం మంచిది.