పాత ప్లేస్టేషన్‌పై కార్టూన్ పందేలు, హైదరాబాద్ ఆటలు

బుల్లితెర కార్టూన్ పాత్రలను పందెపు బండ్లలో కూర్చోబెట్టి పరుగులు తీయించే వీడియో గేమ్‌లది ఒక ప్రత్యేక తరగతి. 1992లో జపాన్ సంస్థ నింటెండో విడుదల చేసిన 'సూపర్ మారియో కార్ట్' ఈ తరహాకు బాట వేసింది. పాత్రల హక్కులను యజమాని సంస్థ నుంచి రుసుముపై పొంది, పరిమిత వ్యయంతో, ఇప్పటికే ఎన్నో ఇళ్లలో ఉన్న యంత్రానికి ఆటను రూపొందించడం ఈ వ్యాపారపు మూలసూత్రం.

దీనికి చక్కని ఉదాహరణ 'కార్టూన్ నెట్‌వర్క్ రేసింగ్'. బ్రిటన్‌కు చెందిన యూటెక్నిక్స్ సంస్థ దీని ప్లేస్టేషన్ 2 రూపాన్ని తయారుచేసింది. జానీ బ్రావో, డెక్స్టర్, పవర్‌పఫ్ గర్ల్స్ వంటి పాత్రలు ఇందులో పోటీపడతాయి. సోనీ సంస్థ ప్లేస్టేషన్ 3ను విపణిలోకి తెచ్చిన 2006లోనే ఈ ఆట పాత యంత్రంపై వెలువడింది.

పందెపు ఆట చౌకగా తయారుకావడానికి కారణాలున్నాయి. పాత్ర బండిలో కూర్చునే ఉంటుంది గనుక నడక, దూకుడు వంటి కదలికలను విడిగా చిత్రించనక్కరలేదు. సుదీర్ఘమైన కథ అవసరం లేదు. ఒకే బాటను పలుమార్లు చుట్టవచ్చు. కేవలం 32 మెగాబైట్ల ప్రధాన జ్ఞాపకశక్తి గల ప్లేస్టేషన్ 2కు ఈ పొదుపు సరిపోయింది.

2000 మార్చిలో జపాన్‌లో విడుదలైన ఈ యంత్రం ప్రపంచవ్యాప్తంగా 15 కోట్లకు పైగా అమ్ముడైంది. కొత్త తరం యంత్రాలు వచ్చాక కూడా భారతదేశంలో దీనికి ఆదరణ కొనసాగింది. ఒకసారి డిస్కు కొంటే అంతర్జాలంతో పనిలేకుండా ఇంటిల్లిపాదీ ఆడుకోవచ్చు. మరమగ్గాల నగరమైన సూరత్‌లో లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు నేత కార్మిక కుటుంబాల వంటి పరిమిత ఆదాయపు ఇళ్లకు ఇది సులువుగా అర్థమయ్యే లెక్క.

ఈ విపణిని దృష్టిలో ఉంచుకునే హైదరాబాద్ సంస్థలు రంగంలోకి దిగాయి. అరోనా టెక్నాలజీస్ రూపొందించిన 'హనుమాన్: బాయ్ వారియర్' 2009లో ప్లేస్టేషన్ 2పై విడుదలైంది. భారతదేశంలో తయారైన తొలి ప్లేస్టేషన్ 2 ఆటగా దీనికి గుర్తింపు లభించింది. ఆరాధ్య దైవాన్ని ఆటగాడి చేతిలోని మీటలకు లోబరచడం తగదంటూ అమెరికాలోని కొందరు హిందూ ప్రతినిధులు అభ్యంతరం తెలిపారు. అదే ఏడాది గేమ్‌శాస్త్ర సంస్థ రూపొందించిన 'దేశీ అడ్డా' కబడ్డీ, గిల్లీదండా వంటి గ్రామీణ క్రీడలను తెరకెక్కించింది. సినిమా హక్కులతో ఆ సంస్థే తయారుచేసిన 'డాన్ 2' 2013లో వచ్చింది. ప్లేస్టేషన్ 2 ఉత్పత్తి నిలిచిన సంగతి వెల్లడైనదీ ఆ సంవత్సరమే.

ఆ తరువాత పందేలు చరవాణికి మారాయి. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సృష్టించిన 'ఛోటా భీమ్' 2008లో బుల్లితెరపై అడుగుపెట్టింది. ఆ పాత్రతో నజారా సంస్థ రేసింగ్ ఆటను ఫోన్లకు అందించింది.

డిస్కుల ఆటలకు మాత్రం భవిష్యత్తు అనిశ్చితమే. ప్లేస్టేషన్ 4, 5 యంత్రాలు ప్లేస్టేషన్ 2 డిస్కులను చదవలేవు. పాత్రల హక్కుల ఒప్పందం గడువు ముగిస్తే మళ్లీ ముద్రించడానికి వీలుండదు. చలనచిత్రాలను భద్రపరచడానికి 1964లో పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడింది. ప్రచురితమైన పుస్తకాల ప్రతులను నిర్దేశిత గ్రంథాలయాలకు అందించాలని 1954 నాటి చట్టం చెబుతోంది. వీడియో గేమ్‌లు ఆ చట్టం పరిధిలో లేవు. కనుక హైదరాబాద్ యువ నిపుణుల తొలి ప్రయత్నాలు ప్రస్తుతానికి ఇళ్లలో మిగిలిన డిస్కులపైనా, ఇంకా పనిచేస్తున్న పాత యంత్రాలపైనా ఆధారపడి ఉన్నాయి.