కరువు సర్దిన వంటిల్లు

వంటిల్లు సర్దుకోవడం అనగానే ఇప్పుడు మనకు గుర్తొచ్చేవి ఒకే సైజు డబ్బాలు, వాటి మీద అంటించిన చీటీలు, గోడకు అరలు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు ఇళ్ళలో సర్దుడు అంతకన్నా చాలా పాతది. దాని వెనక ఉన్న ప్రశ్న కూడా వేరు. ఈ ఏడు పండింది, వచ్చే ఏడు పండకపోతే ఏం తినాలి? ఏ వస్తువు ఎక్కడ పెట్టాలి, ఎంత దాచాలి, ఏది ముందు వాడాలి అన్నవన్నీ ఈ ఒక్క ప్రశ్నే తేల్చింది. అందుకే మా వైపు వంటిల్లు ఎవరు సర్దారంటే కరువే సర్దిందంటాను.

ఇప్పుడు ఈ మూడు ఊళ్ళూ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లావే. ఇక్కడ ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. నైరుతి వానను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్య వాన వచ్చేసరికి ఉసూరుమంటుంది. అలాంటి నేల మీద కాపురం చేసిన ఆడవాళ్ళు వంటింటిని ఎలా నడిపారో తెలుసుకుంటే, మన వంటింటికీ పనికొచ్చే సంగతులు కొన్ని దొరుకుతాయి.

ముందు రాయల కాలానికి వెళ్దాం. 1565లో తళ్ళికోట యుద్ధం ఓడిపోయాక విజయనగర రాజధాని పెనుకొండకే వచ్చింది. ఆనాటి వంట గురించి తెలుసుకోవాలంటే తెలుగు చదువుకున్నవాళ్ళకు దగ్గరి దారి శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద. అందులో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ కాలంలో ఏం వడ్డించేవాడో ఉంటుంది. వానాకాలంలో వరుగులు, వడియాలు. ఎండాకాలంలో మజ్జిగ, చల్లని పానీయాలు. చలికాలంలో మిరియాల పొడి వేసిన వేడి వేడి కూరలు. వరుగులంటే ఎండబెట్టి దాచుకున్న కూరగాయ ముక్కలే. అంటే వంటింటి పట్టిక అప్పటికే దాచుకున్నదాన్ని బట్టి, ఋతువును బట్టి నడిచేదన్నమాట.

ఆ వడ్డనలో మిరపకాయ లేదు, గమనించారా? మిరప, వేరుశనగ, టమోటా, బంగాళాదుంప ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. 1498 తర్వాత పోర్చుగీసువాళ్ళ ఓడలతో మొదలైన రాకపోకల్లో మన దేశం చేరాయి. అంతకు ముందు కారమంటే మిరియమే. మిరపకాయ పేరులో కూడా ఆ మిరియం పోలిక కనిపిస్తూనే ఉంది. హిందూపురం పక్కనున్న లేపాక్షి గుడి 1530 ప్రాంతంలో కట్టింది. అక్కడ నేల రాతిలో పళ్ళేల్లా చెక్కిన గుంటలున్నాయి. శిల్పులు అందులోనే తిన్నారని కొందరంటారు, రంగులు కలుపుకున్నారని ఇంకొందరంటారు. తిన్నదే నిజమైతే, ఆ పళ్ళెంలో ఎర్రకారం గానీ చెనక్కాయల ఊరుబిండి గానీ ఉండి ఉండదు. మనం అనాదిగా తింటున్నామనుకునే వంటల్లో చాలా భాగం నాలుగైదు వందల ఏళ్ళ లోపువే.

రాగి, జొన్న, కొర్ర, ఉలవ, అలసంద, అనప, చింతపండు మాత్రం పాత చుట్టాలు. తక్కువ వానకే పండుతాయి, ఎక్కువ రోజులు నిలవుంటాయి. రాగిగింజ ఎంత చిన్నదంటే పురుగు దాని జోలికి అంత తేలిగ్గా పోదు. బాగా ఎండబెడితే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఇంట్లో గరిసెల్లో, వెదురు గాదెల్లో ధాన్యం ఉండేది. జొన్నలైతే భూమిలో పాతర తీసి, చుట్టూ గడ్డి పేర్చి పోసి, పైన మన్ను కప్పేవాళ్ళు. గాలి ఆడని చోట పురుగు బతకదు. ఇవాళ మనం గాలి చొరబడని మూత డబ్బాలు కొనేది కూడా ఆ సూత్రంతోనే.

వంటిల్లు చిన్నదే అయినా దేని చోటు దానికుండేది. పొయ్యి మీది అటక పొగచూరే చోటు. విత్తనానికి దాచిన జొన్న కంకులు అక్కడ వేలాడేవి. పొగకు చెమ్మ పట్టేది కాదు, పురుగు చేరేది కాదు. పొయ్యికి దూరంగా చల్లటి మూల కుండలకు. పాలు, పెరుగు, వెన్న ఉట్టి మీద. చింతపండు గింజ తీసి, ఉప్పు చల్లి, కుండలోనో జాడీలోనో గట్టిగా అదిమి పెట్టేవాళ్ళు. కందిపప్పుకు ఆముదం పట్టించేవాళ్ళు. కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టేవాళ్ళు. విత్తనపు అలసందలను బూడిదలో కలిపి ఉంచేవాళ్ళు. ఏటా మాఘం, ఫాల్గుణం దాటుతూనే చింతపండు పని, ఎండలు ముదిరితే మిరపకాయలు, వరుగులు, వడియాలు. సంవత్సరానికి సరిపడా సరుకు ఆ రెండు మూడు నెలల్లోనే ఇల్లు చేరేది. హిందూపురం మార్కెట్టులో చింతపండు వ్యాపారానికి ఇప్పటికీ పేరుంది.

ఇంత జాగ్రత్త ఎందుకో 1876లో తెలిసింది. అది ధాత నామ సంవత్సరం. అందుకే పెద్దవాళ్ళు దాన్ని ధాత కరువన్నారు. అప్పటికి అనంతపురం జిల్లా ఇంకా ఏర్పడలేదు, ఇదంతా బళ్ళారి జిల్లాలో ఉండేది. 1878 వరకు సాగిన ఆ కరువులో దక్షిణాదిలో లక్షల మంది చనిపోయారు. బళ్ళారి జిల్లా బాగా దెబ్బతిన్న వాటిలో ఒకటి. ఏడాదికి సరిపడా దాచుకున్న ఇంటిని ఒక చెడ్డ ఏడు దాటించగలదు గాదె. వరసగా వానలు పోతే, ధరలు మండిపోతే గాదె ఏం చేస్తుంది? అసలు గాదే లేని కూలి ఇంటి సంగతేమిటి? పొదుపు ఇల్లాలి చేతిలో ఉంటుంది కానీ వాన, ధర ఆమె చేతిలో ఉండవు. ఇంటి ఇబ్బందికి ఇల్లాలి సర్దుబాటు లేకపోవడమే కారణమనే మాట వినిపించినప్పుడల్లా నాకు ఈ కరువే గుర్తొస్తుంది.

ఆ పాత వంటింటిని పొగిడి ఊరుకోవడం కూడా న్యాయం కాదు. ఆ సర్దుడంతా ఆడవాళ్ళ రెక్కల మీదే నడిచింది. సంగటి కావాలంటే ముందు పిండి కావాలి, పిండి కావాలంటే కోడి కూయకముందే ఇసురురాయి దగ్గర కూర్చోవాలి. ఊళ్ళోకి పిండిమర వచ్చేదాకా ఇదే రోజువారీ. గాదె తాళం అత్తగారి కొంగున ఉండేది. శేరు, సోల కొలిచి ఇచ్చేది ఆమె. కోడలు అడిగి తీసుకోవాల్సిందే. ఇంటిల్లిపాదీ తిన్నాక కుండలో మిగిలింది వండినామె వంతు. సరుకు తక్కువైన ఏడు ఆ వంతే ముందు తగ్గుతుంది కదా!

ధర్మవరం సంగతి ఇంకా వేరు. ఆ ఊరికి, చెరువు కట్టించిన క్రియాశక్తి ఒడెయరు తల్లి ధర్మాంబ పేరు వచ్చిందని చెప్పుకుంటారు. ఆడమనిషి పేరున్న ఊరు. పట్టుచీరల నేత ఇళ్ళల్లో గుంట మగ్గానిదే పెద్ద పీట. మంచి వెలుతురు, మంచి చోటు దానికే ఇవ్వాలి. పొయ్యి పొగ, నూనె చెయ్యి పట్టుకు తగలకూడదు. వంటిల్లు మిగిలిన జాగాలో సర్దుకుంటుంది. ఇంటి ఆడవాళ్ళు నూలు చుట్టడం, కండెలు పట్టడం చేస్తూనే మధ్యలో లేచి పప్పు కలుపుతారు. ఇలాంటి ఇంట్లో వంట తొందరగా అయిపోవాలి, వస్తువు చేతికందాలి. తక్కువ చోటులో వంటిల్లు ఎలా నడపాలో నేర్చుకోవాలంటే ఆ ఇళ్ళను చూడాలి.

ఇరవయ్యో శతాబ్దంలో రెండు పెద్ద మార్పులు వచ్చాయి. ఒకటి వేరుశనగ. రాగి, జొన్న, కొర్ర వేసిన చేలల్లోకి చెనక్కాయ వచ్చింది. నూనెగింజకు డబ్బు వస్తుంది. ఇంట్లోకి ఊరుబిండి, చెట్నీ పొడి, చెనక్కాయ నూనె వచ్చాయి. కానీ తిండిగింజ చేలోంచి గాదెకు రావడం తగ్గింది. పంట అమ్మి, ఆ డబ్బుతో గింజలు కొనాలి. పంట పోతే రెండూ లేవు.

రెండోది బియ్యం. 1983లో ముఖ్యమంత్రి అయిన ఎన్.టి. రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టారు. 1985 నుంచి ఆయన వరసగా మూడుసార్లు గెలిచింది మా హిందూపురం నుంచే. అంతకుముందు మా వైపు చాలా ఇళ్ళలో వరన్నం పండగకో చుట్టాలొస్తేనో వండేవాళ్ళు. సంగటి ముద్ద రోజుదీ, అన్నం గొప్పదీ. రెండు రూపాయల బియ్యంతో గొప్పది రోజుదైంది. దీన్ని తప్పని నేననలేను. సంగటి కెలకాలంటే మండే పొయ్యి ముందు కుండను కాళ్ళతో అదిమిపట్టి తెడ్డుతో తిప్పాలి. అన్నం ఎసట్లో పడేస్తే ఉడుకుతుంది. ఆడవాళ్ళకు రోజూ ఒక గంట మిగిలింది. ఆకలి తప్పింది. పోయింది కూడా ఉంది. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో పది అటూ ఇటూగా ఉంటుంది. బాలింతలకు, ఎదిగే ఆడపిల్లలకు ఆ తేడా ఎంతో ఆలోచించండి. ఇక సంవత్సరపు గాదె పోయి నెల సంచి వచ్చింది. దానితో దాచే విద్య కూడా మెల్లగా మరుగున పడింది.

ఆ తర్వాత గ్యాసు. 1999లో దీపం పథకంతో పేద ఇళ్ళ ఆడవాళ్ళకు కనెక్షన్లు వచ్చాయి. కళ్ళు మండడం, దగ్గు తగ్గాయి. ఇంతకన్నా మంచి మార్పు వంటింట్లో రాలేదు. అయితే పొగతో పాటు దాని కాపలా కూడా పోయింది. పొయ్యి మీది అటకలో ఉన్నవాటికి ఇప్పుడు తగిలేది పొగ కాదు, ఆవిరి, నూనె జిడ్డు. మనం పాత అలవాటుగా స్టవ్ పైన అరలోనే పప్పులు, పొడులు పెడుతున్నాం. చెమ్మ పట్టి గడ్డకడుతున్నాయని, పురుగొస్తోందని అనుకుంటున్నాం.

అందుకే పాత పద్ధతిలో ఏది ఎందుకు చేశారో తెలిస్తే, దాన్ని మన ఇంటికి తగ్గట్టు మార్చుకోవచ్చు. నేను పాటించేవి చెబుతాను.

స్టవ్ పైన అరలో గిన్నెలు, పళ్ళేలు పెట్టండి. పప్పులు, కారం, పొడులు పొయ్యికి దూరంగా, గోడ చెమ్మ లేని వైపు ఉంచండి.

గింజ నిలిచినట్టు పిండి నిలవదు. రాగులు ఆరు నెలలకు కొన్నా ఫరవాలేదు, ఎండబెట్టి మూత పెట్టండి. పిండి మాత్రం రెండు మూడు వారాలకు సరిపడా ఆడించుకోండి. లేకపోతే కనరు వాసన వస్తుంది.

కొత్త సరుకు వచ్చినప్పుడు డబ్బాలో పాతదాని మీద పోయకండి. పాతది తీసి, డబ్బా తుడిచి ఆరబెట్టి, కొత్తది అడుగున పోసి పాతది పైన పోయండి. గాదె నడిపిన ఇళ్ళ నియమం ఇదే. పాతది అయ్యాకే కొత్తది.

చింతపండు ఇత్తడి, అల్యూమినియం పాత్రల్లో వద్దు. పులుపుకు లోహం కరుగుతుంది. జాడీ, గాజు సీసా మంచివి. గింజ, ఈనె తీసి ఉప్పు కలిపితే ఏడాది నిలుస్తుంది.

చెనక్కాయలు వీలైతే తొక్కతోనే దాచి, కావలసినప్పుడు ఒలుచుకోండి. నల్లబడినవి, బూజు పట్టినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయండి. వేయించినా ఆ బూజు విషం పోదు. ఇక్కడ పొదుపు పనికిరాదు.

సంగటికి పాత కష్టం అక్కర్లేదు. కుక్కర్లో కొంచెం బియ్యం నూక మెత్తగా ఉడికించి, రాగిపిండి కలిపి, సన్నని సెగ మీద మగ్గనిచ్చి గట్టిగా కలిపితే ఇరవై నిమిషాల్లో ముద్ద తయారు. ఉలవలు ముందురోజే నానబెడితే గ్యాసు కలిసొస్తుంది. ఉడికిన నీళ్ళు పారబోయకుండా కట్టు కాస్తే రెండో వంట అక్కర్లేదు.

ఇంకొకటి, డబ్బాల్లో ఏముందో ఇంట్లో అందరికీ తెలియాలి. పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్ల ఫ్యాక్టరీ నడుస్తోంది. పొద్దున ఎనిమిదికే బస్సెక్కి పనికి వెళ్ళే ఆడపిల్లలు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఉప్పెక్కడుందో, పప్పెక్కడుందో ఒక్క ఆడమనిషికే తెలిసిన వంటిల్లు ఎంత అందంగా సర్దినా ఆమెకు సెలవివ్వదు. చీటీలు అంటించేది అందం కోసమే కాదు, భర్తా కొడుకూ కూడా చదువుకోవడానికి.

2023ని ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ తర్వాత పేదవాళ్ళ తిండి అనుకున్న కొర్రలు, రాగులు రంగుల పాకెట్లలో బియ్యం కన్నా ఎక్కువ ధరకు వస్తున్నాయి. పాకెట్టే కొననక్కర్లేదు. సంతలో విడిగా గింజలు కొని, ఎండబెట్టి, పిండిమరకు పంపితే చాలు. దాచే పద్ధతి మా ముందుతరం ఆడవాళ్ళు కరువు దగ్గర నేర్చుకుని మనకిచ్చారు. అందులో పద్ధతి వరకు తీసుకుందాం. తెల్లవారుజాము ఇసురురాయిని, పొగని, చివరి వంతుని మాత్రం మన కోడళ్ళకు అప్పజెప్పవద్దు.