విశాఖలో ఇల్లు కాలిపోతే మళ్లీ కట్టుకోవడానికి పర్మిషన్ కావాలా? శిథిలాలు ఎత్తేముందే ఈ కాగితాలు చూసుకోండి

షార్ట్ సర్క్యూట్ కావచ్చు, గ్యాస్ సిలిండర్ కావచ్చు, ఎండాకాలం కొండ మీద గడ్డికి అంటుకున్న మంట కిందికి దిగడం కావచ్చు. ఇల్లు కాలిపోయాక చుట్టుపక్కల వాళ్లు చెప్పే మాట మాత్రం ఒకటే. "స్థలం మీదే, పునాది మీదే. పాత గోడల మీదే లేపేసుకోండి, దానికి మళ్లీ పర్మిషన్ ఎందుకు?" ఈ మాట నమ్మి మర్నాడే మేస్త్రీని పిలిస్తే చిక్కుల్లో పడతారు.

ఇల్లు పూర్తిగా పోయి పునాది నుంచి కడుతుంటే అది కొత్త నిర్మాణం కిందే లెక్క. ప్లాన్ ఇప్పటి రూల్స్ ప్రకారమే ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు నడుస్తున్నది 2017 బిల్డింగ్ రూల్స్, ఆ తర్వాత వచ్చిన సవరణలు. మీ నాన్నగారు ముప్పై ఏళ్ల కిందట రోడ్డు అంచున గోడ కట్టి ఉండొచ్చు. ఇప్పుడు ముందు, పక్కన ఖాళీ వదలాలి. మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డు వెడల్పు పెరిగి ఉంటే ఇంకాస్త వెనక్కి జరగాలి. చిన్న ప్లాట్ ఉన్నవాళ్లకు అసలు దెబ్బ తగిలేది ఇక్కడే.

కొంత భాగమే కాలితే? ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, అదే ఎత్తులో పైకప్పు మార్చుకోవడం వంటి రిపేర్లకు 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం నోటీసు అక్కర్లేదు. ప్రకృతి వైపరీత్యంలో దెబ్బతిన్న భాగాన్ని తిరిగి కట్టుకోవడం కూడా ఆ జాబితాలోనే ఉంది. కానీ ఒక మెలిక ఉంది. 'గతంలో అనుమతి ఇచ్చినంత మేరకే' అని అందులో రాసి ఉంది. పైగా వంటింటి గ్యాస్ మంటను ప్రకృతి వైపరీత్యం అనలేం. కాబట్టి మీ కేసు ఏ కోవలోకి వస్తుందో వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని అడిగి, వీలైతే రాతపూర్వకంగా తీసుకున్నాకే పని మొదలుపెట్టండి.

గతంలో అనుమతి ఉందా? ఈ ప్రశ్న ప్రతి ఆఫీసులోనూ ఎదురవుతుంది. ప్రభుత్వ సాయమే చూడండి. విపత్తు సహాయ నిధి లెక్కలో అగ్నిప్రమాదం కూడా విపత్తే. 2022-26 కాలానికి కేంద్రం ఇచ్చిన నిబంధనల్లో పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి మైదాన ప్రాంతంలో 1.20 లక్షలు, గుడిసెకు 8 వేల రూపాయలు అని ఉంది. ఇంటి సాయానికి అది అధికారులు ధ్రువీకరించిన అనుమతి ఉన్న కట్టడమై ఉండాలని షరతు కూడా ఉంది. 1.20 లక్షలతో ఈ రోజుల్లో విశాఖలో ఒక గది శ్లాబ్ కూడా పడదు, అది వేరే సంగతి.

బీచ్ వైపు ఉండేవాళ్లకూ అదే ప్రశ్న. తీర ప్రాంత నియంత్రణ పరిధిలో, అంటే సీఆర్‌జెడ్‌లో, పాత ఇంటిని తిరిగి కట్టుకోనిస్తారు. అయితే ఆ ఇల్లు అనుమతి ఉన్నదై ఉండాలి, వాడకం మారకూడదు. ఇల్లు కాలింది కదా అని ఈసారి కింద షాపు అంటే కుదరదు.

మరి ఆ కాగితాలే మంటల్లో పోతే? కంగారు పడొద్దు. రిజిస్టర్డ్ డాక్యుమెంట్ సర్టిఫైడ్ కాపీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతుంది. ఈసీ ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. పాత ప్లాన్ కోసం జీవీఎంసీ జోనల్ ఆఫీసు టౌన్ ప్లానింగ్ విభాగంలో దరఖాస్తు పెట్టండి. లేఅవుట్ వుడా నాటిదైతే వీఎంఆర్‌డీఏలో అడగండి. ఇంటి పన్ను రసీదు, ఈపీడీసీఎల్ సర్వీస్ నంబర్ అక్కడ ఇల్లు ఉండేదని చెప్పడానికి పనికొస్తాయి. అంతేగానీ అవి ప్లాన్ అనుమతికి సమానం కావు. చాలామంది పొరపడేది ఇక్కడే. గతంలో బీపీఎస్ కట్టి క్రమబద్ధీకరించుకుని ఉంటే ఆ ఆర్డర్ కాపీ మాత్రం బంగారమే.

శిథిలాలు ఎత్తించేముందు ఫైర్ సర్వీస్ వాళ్ల సర్టిఫికెట్, పోలీస్ ఫిర్యాదు కాపీ, రెవెన్యూ వాళ్ల పంచనామా తీసుకోండి. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు, వీడియో తీయండి. ఇన్సూరెన్స్ ఉంటే సర్వేయర్ వచ్చి చూసేదాకా ఏదీ కదపొద్దు. 2021 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న 'భారత్ గృహ రక్ష' పాలసీలో శిథిలాల తొలగింపునకు క్లెయిమ్‌లో 2 శాతం వరకు, ఇంజినీర్, ఆర్కిటెక్ట్ ఫీజులకు 5 శాతం వరకు వస్తుంది. ఇది తెలియక చాలామంది అడగరు. మిగిలిన శ్లాబ్ బాగానే ఉంది కదా అని కంటితో చూసి నిర్ణయించొద్దు. వేడికి కాంక్రీట్ గులాబీ రంగుకు తిరిగితే అది లోపల బలం తగ్గిందనడానికి గుర్తు కావచ్చు. స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో పరీక్ష చేయించండి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. లైసెన్స్ ఉన్న టెక్నికల్ పర్సన్, అంటే ఎల్‌టీపీ, మీ తరఫున ప్లాన్ అప్‌లోడ్ చేస్తారు. 18 మీటర్ల ఎత్తు లోపు కట్టడాలకు 2025లో సెల్ఫ్ సర్టిఫికేషన్ వచ్చింది, కాబట్టి ఫైలు కదలడం గతం కంటే తేలికైంది. అయితే తప్పు వివరాలు ఇస్తే బాధ్యత కూడా మీదే.

అమెరికాలో ఎలా ఉందంటే, 2025 జనవరిలో లాస్ ఏంజెలిస్ కార్చిచ్చుల్లో 16 వేలకు పైగా కట్టడాలు పోయాయి. అక్కడి గవర్నర్ కొన్ని పర్యావరణ, తీరప్రాంత అనుమతులను పక్కనపెట్టారు. దానికీ ఒక షరతు పెట్టారు. ఉన్నచోటే కట్టాలి, పాత ఇంటి సైజులో 110 శాతం దాటకూడదు. అంటే పాత ఇల్లు ఎంత ఉండేదో అక్కడా చూపించాల్సిందే.

విశాఖలో అందరికంటే ఇరకాటంలో ఉన్నది పంచగ్రామాల వాళ్లు. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లిలో సింహాచలం దేవస్థానం భూముల వివాదం దశాబ్దాలుగా నడుస్తోంది. 12 వేలకు పైగా ఇళ్లు అందులో చిక్కుకున్నాయి. స్థలం హక్కు తేలనిదే ప్లాన్ రాదు, పాత ఇంటికి రిపేరు చేయించుకోవడమే గగనం. దేవస్థానానికి వేరేచోట భూమి ఇచ్చి ఈ ఇళ్లను క్రమబద్ధీకరించే ప్రతిపాదనకు 2025లో రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ఈ గ్రామాల్లో ఇల్లు కాలినవాళ్లు ఎల్‌టీపీకి ఫీజు కట్టేముందు తమ సర్వే నంబర్ పరిస్థితి ఏంటో దేవస్థానం భూముల విభాగంలో, తహసీల్దార్ ఆఫీసులో కనుక్కోవాలి. అప్పటిదాకా పంచనామా, ఫొటోలు, పన్ను రసీదులు ఒక సెట్ బంధువుల ఇంట్లో, ఇంకో సెట్ ఫోన్‌లో దాచుకోండి.