ఒకే గేమ్, రెండు ధరలు: ఆ 20 డాలర్లు దేనికి?

ఇవాళ ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. 2014లో నింటెండో కంపెనీ "సూపర్ స్మాష్ బ్రదర్స్" గేమ్‌ని అమెరికాలో రెండు వెర్షన్లుగా అమ్మింది. చేతిలో పట్టుకుని ఆడే 3డీఎస్‌కి 39.99 డాలర్లు. టీవీకి పెట్టుకునే వీ యూకి 59.99. ఫైటర్లు మాత్రం రెండింట్లోనూ వాళ్లే!

టీవీ వెర్షన్‌లో హెచ్‌డీ గ్రాఫిక్స్ ఉన్నాయి, ఎనిమిది మంది కలిసి ఆడొచ్చు. నిజమే. కానీ రెండు చోట్లా ఆడాలంటే రెండుసార్లు కొనాల్సిందే.

సోనీ 2012లోనే ఇంకో దారి చూపించింది. పేరు క్రాస్ బై. కొన్ని పీఎస్3 గేమ్స్ కొంటే, చేతిలో ఆడే వీటా వెర్షన్ ఫ్రీ. అంటే డబ్బు కట్టేది గేమ్‌కి, స్క్రీన్‌కి కాదు.

2017లో నింటెండో స్విచ్ వచ్చింది. చేతిలోనూ అదే, టీవీలోనూ అదే. రెండుసార్లు కొనే బాధ పోయింది. మరి రేటు తగ్గిందా? లేదు. 3డీఎస్‌లో 39.99 ఉన్న పోకెమాన్, 2019లో స్విచ్‌ మీద 59.99 అయింది.

అసలు ట్విస్ట్ ఇక్కడుంది. అదే ఏడాది తక్కువ ధరకి స్విచ్ లైట్ తెచ్చారు. అది టీవీకి కనెక్టే అవ్వదు! డబ్బు ఆదా చేద్దామని లైట్ కొన్న పిల్లాడు కూడా గేమ్‌కి టీవీ రేటే కట్టాడు.

ఒకసారి కొంటే రెండు చోట్లా ఆడుకోవడం కరెక్టే. కానీ ఒక్కచోటే ఆడేవాడి దగ్గర రెండు చోట్ల డబ్బు తీసుకోవడం న్యాయమా? నా వరకైతే కాదు. మీరేమంటారు?