ఒక బిల్లు నడిచిన దారి (1980–1983)

బిల్లు చట్టంగా మారే క్రమాన్ని బడిలో పౌరశాస్త్రం పాఠంలో మనమందరం బట్టీ పట్టినవాళ్ళమే. సభలో ప్రవేశపెట్టడం, చర్చ, ఓటు, రెండో సభ, చివరికి రాష్ట్రపతి ఆమోదం. మెట్లు వరుస తప్పకుండా రాస్తే మార్కులు పడేవి. ఆ మెట్లెక్కేటప్పుడు బిల్లులోంచి ఏ మాటలు జారిపోతాయో, జారిపోయిన మాటకు ఎవరు మూల్యం చెల్లిస్తారో మాత్రం ఆ పాఠం చెప్పేది కాదు. ఆ సంగతి తెలుసుకోదలచినవారికి 1983 నాటి క్రిమినల్ చట్టాల సవరణ కథకు మించిన ఉదాహరణ నాకు కనబడలేదు.

కథ 1972 మార్చి 26 రాత్రి మొదలవుతుంది. మహారాష్ట్రలో అప్పటి చంద్రపూర్ జిల్లా, దేశాయిగంజ్ పోలీసు స్టేషను. తల్లిదండ్రులు లేని ఒక ఆదివాసీ బాలిక, కూలిపని చేసుకొని బతికేది. వయసు 14కూ 16కూ మధ్య. ఆమె సోదరుడిచ్చిన ఒక ఫిర్యాదు విషయమై వాఙ్మూలం ఇవ్వడానికి స్టేషనుకు వచ్చింది. పని ముగిశాక తక్కినవారిని బయటికి పంపి ఆమెను లోపలే ఉంచేశారు. ఇద్దరు పోలీసుల మీద నేరారోపణ వచ్చింది. 1974లో సెషన్సు కోర్టు ఇద్దరినీ విడిచిపెట్టింది. 1976లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఆ తీర్పును తిరగరాసి శిక్షలు వేసింది. భయంతో లొంగిపోవడం వేరు, సమ్మతించడం వేరు అన్నది హైకోర్టు గ్రహించిన సూక్ష్మం. 1978 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఆ సూక్ష్మాన్ని కాదని మళ్ళీ ఇద్దరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఒంటి మీద గాయాలు లేవు, గట్టిగా ప్రతిఘటించిన గుర్తులు లేవు, కాబట్టి అసమ్మతి రుజువు కాలేదన్నారు.

ఆ బాలికను దేశమంతా ఒక పేరుతో పిలిచింది. ఆ పేరు నేనిక్కడ రాయడం లేదు. ఎందుకన్నది ముందుకు వెళితే తెలుస్తుంది.

సరిగ్గా ఆ ఏడే మన హైదరాబాదు కూడా ఇటువంటి దారుణాన్నే చూసింది. 1978 మార్చి నెలాఖరున నల్లకుంట పోలీసు స్టేషనులో ఒక స్త్రీ మీద పోలీసులు అత్యాచారం చేశారని, అడ్డుపడిన ఆమె భర్తను కొట్టి చంపారని ఊరు భగ్గుమంది. కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ గారితో విచారణ సంఘం వేసింది. పోలీసులు దోషులేనని ఆయన నివేదిక తేల్చింది. ఆ తరువాత కేసు రాష్ట్రం దాటి కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయింది. దాని ముగింపుకు మళ్ళీ వస్తాను.

సుప్రీంకోర్టు తీర్పు ఏడాదిపాటు న్యాయ నివేదికల పుటల్లోనే పడివుంది. 1979 సెప్టెంబరులో ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు భారత ప్రధాన న్యాయమూర్తికి బహిరంగలేఖ రాశారు. లొంగుబాటును సమ్మతిగా చదవడం న్యాయమేనా అని అందులో నిలదీశారు. 1980 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, అనేక నగరాల్లో స్త్రీలు వీధుల్లోకి వచ్చి కేసును తిరిగి విచారించమన్నారు. కోర్టు తీర్పు మారలేదు. కానీ అప్పటికి ప్రశ్న కోర్టు గడప దాటి చట్టసభ గడప తొక్కింది.

అప్పటి కేంద్ర న్యాయశాఖ మంత్రి సికింద్రాబాదు నుంచి లోక్‌సభకు ఎన్నికైన మన పి. శివశంకర్ గారే. న్యాయ సంఘం, అంటే లా కమిషన్, తన 84వ నివేదికను 1980 ఏప్రిల్‌లో ఆయన శాఖకు అందజేసింది. అత్యాచారానికి సంబంధించిన శిక్షాస్మృతి, సాక్ష్య చట్టం, విచారణ పద్ధతి మూడింటినీ కలిపి చూసిన నివేదిక అది. జూన్‌లో ఉత్తరప్రదేశ్‌లోని బాగ్‌పత్‌లో పోలీసులు ఒక స్త్రీని వివస్త్రను చేసి ఊరేగించిన వార్త పార్లమెంటును కుదిపింది. ఆగస్టు 12న ప్రభుత్వం లోక్‌సభలో బిల్లు ప్రవేశపెట్టింది. నివేదిక నుంచి బిల్లు దాకా నాలుగు నెలలైనా పట్టలేదు. ఆ వేగం చూసినవారెవరైనా ఏడాది తిరిగేసరికి చట్టం వచ్చేస్తుందనుకొని ఉంటారు.

ఇక్కడ ఒక్క మాట. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో అత్యాచారాన్ని నిర్వచించే సెక్షన్లు నూటయిరవై ఏళ్ళలో దాదాపు కదలలేదు. 1891లో, 1925లో, 1949లో మారినవి వయస్సు అంకెలు మాత్రమే. సమ్మతి ఉన్నదా లేదా అన్న ప్రశ్నను ఎవరు రుజువు చెయ్యాలన్న జోలికి ఏ సభా పోలేదు. 1980 బిల్లు చేయబూనింది ఆ పని.

బిల్లు ప్రవేశపెట్టేటప్పుడు సాధారణంగా చర్చ ఉండదు. అసలు పని రెండో దశలో మొదలవుతుంది. సభ నేరుగా చర్చకు తీసుకోవచ్చు, ప్రజాభిప్రాయానికి పంపవచ్చు, లేదా కమిటీకి అప్పగించవచ్చు. శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993లో గాని రాలేదు కాబట్టి, 1980 డిసెంబరులో ఈ బిల్లును ఉభయసభల సంయుక్త కమిటీకి పంపారు. ఇటువంటి కమిటీలో లోక్‌సభ సభ్యులు ఇద్దరికి రాజ్యసభ సభ్యులు ఒకరి చొప్పున ఉండడం ఆనవాయితీ. మహిళా సంఘాలు, న్యాయవాదులు తమ వాదన చెప్పుకున్నది ఈ కమిటీ ముందే. సభలో పార్టీల గొంతు వినబడుతుంది. కమిటీ గదిలో ఒక్కొక్క క్లాజు బల్ల మీదికి వస్తుంది. చట్టం నిజంగా రూపుదిద్దుకునే చోటు అదే. మాట జారిపోయినా పట్టించుకునేవారు తక్కువగా ఉండే చోటు కూడా అదే.

బిల్లు కమిటీ చేతిలో ఉండగానే, 1981 ఫిబ్రవరిలో, రాయచూరు కోర్టు హైదరాబాదు కేసులో పోలీసులను నిర్దోషులుగా విడుదల చేసింది. విచారణ సంఘం దోషులన్నవారిని కోర్టు విడిచిపెట్టింది. సంఘం నివేదిక కోర్టులో రుజువుగా నిలవదు. కోర్టుకు వేరే ప్రమాణాలున్నాయి. ఆ ప్రమాణాలనే మార్చవలసిన కాగితం అప్పటికి ఢిల్లీలో ఒక కమిటీ ముందుంది.

కమిటీ నివేదిక 1982 నవంబరులో వచ్చింది. ఉభయసభలూ దాటి, రాష్ట్రపతి ఆమోదం పొంది, 1983 డిసెంబరు 25న 43వ నంబరు చట్టంగా అది అమలులోకి వచ్చింది. ప్రవేశపెట్టిన నాటి నుంచి మూడేళ్ళ నాలుగు నెలల పైన. లోక్‌సభ రద్దయితే అందులో పెండింగులో ఉన్న బిల్లు కూడా చచ్చిపోతుందని రాజ్యాంగం 107వ అధికరణం చెబుతుంది. ఆ లోక్‌సభ 1984 డిసెంబరు 31న రద్దయింది. ఇంకొక ఏడాది సాగదీసి ఉంటే ఇదంతా మళ్ళీ మొదటికి వచ్చేదన్నమాట.

పైమెట్టుకు చేరినవి ఏమిటి?

మొదటిది, అన్నిటికన్నా పెద్దది, సాక్ష్య చట్టంలో చేరిన 114-ఎ సెక్షను. పోలీసు, ప్రభుత్వోద్యోగి, జైలు అధికారి, ఆసుపత్రి సిబ్బంది తమ అధీనంలో ఉన్న స్త్రీతో సంభోగించినట్టు రుజువై, తాను సమ్మతించలేదని ఆమె కోర్టులో చెబితే, కోర్టు ఆమె సమ్మతించలేదనే భావించి తీరాలి. సామూహిక అత్యాచారానికీ, గర్భవతి మీద అత్యాచారానికీ ఇదే వర్తిస్తుంది. కాదని నిరూపించవలసిన బరువు ముద్దాయి మీద పడింది. దేశాయిగంజ్ రాత్రికి సుప్రీంకోర్టు ఇచ్చిన జవాబుకు ఇది పార్లమెంటు ఇచ్చిన ఎదురు జవాబు. రెండవది, అంతవరకూ లేని కనీస శిక్ష: మామూలుగా 7 ఏళ్ళు, అధీనంలో ఉన్నవారిపై జరిగితే 10 ఏళ్ళు. మూడవది, మూసిన తలుపుల వెనుక విచారణ. నాలుగవది 228-ఎ సెక్షను: బాధితురాలి పేరు బయటపెడితే రెండేళ్ళ దాకా జైలు. పై రెండు పేర్లూ నేను రాయకపోవడానికి కారణం ఇదే. ఆమె వల్ల పుట్టిన చట్టం మనల్ని మొట్టమొదట కోరినది ఆమె పేరు పలకవద్దని. సుప్రీంకోర్టు కేసు మాత్రం రివాజు ప్రకారం ముద్దాయి పేరుతోనే పుస్తకాలకెక్కింది: తుకారాం వర్సెస్ మహారాష్ట్ర రాష్ట్రం.

మరి జారిపోయినవో?

సమ్మతి అంటే స్వేచ్ఛగా, స్వచ్ఛందంగా ఇచ్చిన సమ్మతి అని నిర్వచనంలోనే రాయమన్నది లా కమిషన్. చట్టంలో ఆ విశేషణాలు లేవు. కనీస శిక్ష పెట్టారు గాని, తగిన ప్రత్యేక కారణాలుంటే జడ్జి తగ్గించవచ్చునని పక్కనే ఒక కిటికీ తెరిచి ఉంచారు. ఆ కిటికీ 2013లో గాని మూతపడలేదు. భార్య వయస్సు 15 దాటితే భర్త చేసినది అత్యాచారం కాదన్న మినహాయింపు అలాగే నిలిచింది; 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ 15ను 18గా చదవమన్నది. ఆ వయసు దాటిన భార్యల సంగతి నేటికీ అంతే.

అన్నిటికన్నా నన్ను బాధించేది సాక్ష్య చట్టం 155వ సెక్షను నాలుగో క్లాజు. అత్యాచారం కేసులో సాక్ష్యం చెప్పిన స్త్రీ శీలవతి కాదని చూపించి ఆమె మాట నమ్మదగినది కాదనిపించే హక్కును అది ముద్దాయికి ఇచ్చింది. దేశాయిగంజ్ బాలికను సెషన్సు కోర్టు అబద్ధాలకోరు అన్నదీ, ఆమె గతాన్ని తవ్విందీ ఈ ధోరణిలోనే. హైదరాబాదు స్త్రీని కూడా విచారణలో ఆమె నడవడిని అడ్డం పెట్టుకొనే తూలనాడారు. దాని కోరలు పీకమని 84వ నివేదిక చెప్పింది. 1983 చట్టం దాని జోలికి పోలేదు. 2002 డిసెంబరు 31న గాని ఆ క్లాజు రద్దు కాలేదు. అంటే పందొమ్మిదేళ్ళు. ఒక తీర్పు తప్పైతే ఒక స్త్రీకి అన్యాయం జరుగుతుంది. ఒక క్లాజు కమిటీ గదిలో జారిపోతే, ఆ పందొమ్మిదేళ్ళలో బోనెక్కిన ప్రతి స్త్రీ ఆ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

కాబట్టి బిల్లులు తొందరగా నడవాలని ఈ కథ నీతి అనుకుంటే పొరపాటు. ఢిల్లీ ఘటన తరువాత జస్టిస్ వర్మ సంఘం 2013 జనవరి 23న, నెల రోజుల్లో, నివేదిక ఇచ్చింది. ఫిబ్రవరిలో ఆర్డినెన్సు, మార్చిలో రెండు సభల ఆమోదం, ఏప్రిల్ 2న రాష్ట్రపతి సంతకం. అంత వేగంలోనూ, భర్తల మినహాయింపు తీసివెయ్యమన్న ఆ సంఘం సిఫారసు జారిపోయింది. ఆలస్యంలోనూ జారుతుంది, వేగంలోనూ జారుతుంది. చూడవలసినది గడియారాన్ని కాదు, ముసాయిదాను: మొదట ఏమి రాశారు, చివరికి ఏమి మిగిలింది, మధ్యలో ఎవరు అడిగారు.

2023లో శిక్షాస్మృతినే మార్చేశారు. ఆగస్టు 11న ప్రవేశపెట్టిన మూడు బిల్లులు స్థాయీ సంఘానికి వెళ్ళి వచ్చాయి. డిసెంబరు 12న వాటిని ఉపసంహరించి కొత్తవి పెట్టారు. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించాయి. అప్పటికి రెండు సభల్లో కలిపి 140 మందికి పైగా ప్రతిపక్ష సభ్యులు సస్పెన్షన్‌లో ఉన్నారు. అడగవలసినవారిలో చాలామంది బయట ఉండగా క్లాజులు గడిచిపోయాయి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు అమలులో ఉన్నాయి. పాత 114-ఎ ఇప్పుడు కొత్త సాక్ష్య చట్టంలో 120వ సెక్షను. పాత 228-ఎ కొత్త న్యాయసంహితలో 72. మాటలు దాదాపు అవే, అంకెలు మారాయి. రాష్ట్రపతి ఆ మూడింటినీ ఆమోదించిన తేదీ 2023 డిసెంబరు 25. నలభై ఏళ్ళ కిందటి చట్టం అమలులోకి వచ్చిన రోజే.

నేరచట్టం వెనక్కి పనిచెయ్యదు. 20వ అధికరణం దానికి అడ్డుగోడ, ఉండవలసిన గోడే. కాబట్టి 1983 చట్టం దేశాయిగంజ్ బాలికకు గాని, హైదరాబాదు స్త్రీకి గాని ఏమీ ఇవ్వలేకపోయింది. తరువాత వచ్చిన స్త్రీలకు మాత్రం, పోలీసు స్టేషను నాలుగు గోడల మధ్య జరిగిన దాన్ని గురించి "నేను ఒప్పుకోలేదు" అని చెప్పినప్పుడు కోర్టు ఆ మాటతోనే మొదలుపెట్టవలసిన విధి ఏర్పడింది. ఒక్క వాక్యం. దానికి పదకొండేళ్ళు పట్టింది. ఈసారి ఏదైనా బిల్లు కమిటీకి వెళ్ళిందని పత్రికలో చిన్న వార్త కనబడితే, పుట తిప్పేముందు ఆ వాక్యాన్ని ఒకసారి తలుచుకోండి.