సంకేత బోయా తాడు: స్కూబా డైవింగ్‌లో వాడే తీరు

సంకేత బోయా తాడు అంటే నీటి అడుగున ఉన్న డైవర్‌కూ నీటిపైన తేలే బోయాకూ మధ్య ఉండే సన్నని అల్లిక తాడు. డైవర్ ఎక్కడున్నాడో పడవలోని వారికి చెప్పేది బోయాయే, కానీ అది నిటారుగా నిలవాలన్నా పక్కకు ఒరగాలన్నా తాడు బిగువే కారణం. డైవ్ మొదటి నుంచీ వెంట ఉండే బోయా ఒక రకం. లోపలే గాలి నింపి, సాధారణంగా డైవ్ చివర్లో, పైకి వదిలేది రెండో రకం. ఇక్కడ ప్రధానంగా రెండోదాని సంగతే.

తాడు ఎక్కువగా నైలాన్‌తోనో పాలియెస్టర్‌తోనో అల్లుతారు. మందం సుమారు 2 మిల్లీమీటర్లు. ఈ రెండూ నీటిలో మునుగుతాయి. పాలీప్రొపిలీన్ తేలుతుంది కనుక సడలిన మడతలు తల మీదుగా లేచి సిలిండర్ వాల్వుకు తగులుకునే ప్రమాదముంది. ప్రవాహం తాడును ఏటవాలుగా ఈడుస్తుంది కాబట్టి, లోతుకు ఒకటిన్నర రెట్లు పొడవుంటే మంచిదని చాలామంది శిక్షకుల మాట.

తాడు వాడే పనితనంలో చాలా భాగం గుహ డైవింగ్ నుంచి వచ్చిందన్న అభిప్రాయం నమ్మదగినదిగానే కనిపిస్తుంది. అమెరికన్ గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ రాసిన ‘బేసిక్ కేవ్ డైవింగ్’ (1979, 1977 అనే లెక్క కూడా ఉంది) గుహ ముఖద్వారం దాకా తెగని తాడు ఉండి తీరాలంటుంది. అయితే పోలికను మరీ సాగదీయకూడదు. గుహలో తాడు కట్టిన చోటే ఉంటుంది, మనిషి కదులుతాడు. సముద్రంలో రెండూ కదులుతాయి.

బోయాను వదిలేటప్పుడు చూడాల్సింది ఒత్తిడి లెక్క. 20 మీటర్ల లోతున ఒత్తిడి దాదాపు 3 బార్లు. అక్కడి లీటరు గాలి పైకి చేరేసరికి మూడు లీటర్లవుతుంది. కనుక బోయాలో మూడో వంతు నింపినా పైన నిండుగా ఉబ్బుతుంది. లీటరు గాలి కిలో బరువును ఎత్తగలదు. తాడు బిగుసుకుంటే బోయా డైవర్‌నే పైకి ఈడ్చుకుపోతుంది. అందుకే వదిలే ముందు తల ఎత్తి పైన పడవలేమైనా ఉన్నాయేమో చూస్తారు. తాడు చుట్టి ఉండే రీల్‌ను ఒంటికి తగిలించుకోరు. ఇరుక్కుంటే చేతిలోంచి వదిలేయడమే; పోతే బోయా పోతుంది.

పిడి ఉన్న రీల్ మేలా, పిడి లేని స్పూల్ మేలా అన్నది తెగని వాదన. రీల్ చుట్టడానికి సులువు, కానీ వేగంగా తిరిగినప్పుడు తాడు డ్రమ్ము దాటి పక్కకు జారి చిక్కుపడుతుంది. స్పూల్‌లో కదిలే భాగాలే లేవు. నడిమి రంధ్రంలో వేలు వదులుగా దూర్చి పట్టుకుంటే తాడు పోతున్నంతసేపూ అదే గిరగిరా తిరుగుతుంది. బోయా పైకి చేరగానే రెండు వైపులా కొక్కేలున్న క్లిప్పును తాడుకు, స్పూల్ రంధ్రానికి తగిలిస్తే అది ఆగిపోతుంది. 30 మీటర్ల లోపు డైవ్‌లకు స్పూల్ చాలన్నదే సబబుగా తోస్తుంది.

అసలు నేర్పు తాడు వదలడంలో కాదు, చుట్టడంలో ఉంది. సంక్రాంతికి గాలిపటం చరఖా పట్టినవారికి ఇది తెలిసిందే: ఢీల్ ఇవ్వడం ఎవరికైనా వస్తుంది, సడలిన మాంజాను చిక్కు లేకుండా తిరిగి చుట్టడమే పని. కొత్తవారు తాడు లాగుతూ దాన్నే పట్టుకుని ఎక్కబోతారు. బోయా మునిగి, ఆ వెంటనే తాడు సడలిపోతుంది. ముందు ఊపిరితో, జాకెట్ గాలితో నెమ్మదిగా పైకి రావాలి. వచ్చిన కొద్దీ ఏర్పడే సడలును మాత్రమే, ఒక చేత్తో కాస్త బిగువు పట్టి చుట్టాలి. వదులుగా చుట్టిన పొరల్లోకి పై పొరలు దిగబడి, తర్వాతి డైవ్‌లో సరిగ్గా మధ్యలో ఇరుక్కుంటాయి. 5 మీటర్ల దగ్గర ఆగే సేఫ్టీ స్టాప్‌కు గుర్తుగా కొందరు తాడుకు ముడి వేసుకుంటారు.

బోయా రంగుల విషయంలో ఏకాభిప్రాయం లేదు. నారింజ, ఎరుపు మామూలు ఉనికికీ, పసుపు ఆపదకూ అనే ఆనవాయితీ బ్రిటన్ డైవర్లలో కొంత ఉంది, అన్నిచోట్లా పాటించరు. పడవవారితో ముందే మాట్లాడుకోవడం మేలు.

ఉప్పునీటి డైవ్ తర్వాత తాడంతా విప్పి మంచినీటిలో జాడించి, ఆరాక బిగువుగా తిరిగి చుడతారు.