‘హుషారు’ అనే మాట వెనక

నల్లజాతి నాటక బృందాల గురించి రాసేటప్పుడు విమర్శకులకి అలవాటైన మాట ఒకటుంది: హుషారు. ఏం పాటలు, ఏం ఊపు అని మెచ్చుకుని అక్కడితో ఆగిపోతారు. ఆ హుషారేదో వాళ్ళకి పుట్టుకతోనే అబ్బినట్టు, దాని వెనక చదువూ సాధనా కోపమూ ఏమీ లేనట్టు. వినెట్ కారొల్ 1967లో న్యూయార్క్‌లో స్థాపించిన ‘అర్బన్ ఆర్ట్స్ కోర్’ చరిత్ర చదివాక ఈ మెచ్చుకోలు మీద నా అనుమానం బలపడింది.

కారొల్ 1922లో పుట్టింది. తండ్రి దంతవైద్యుడు. కూతుళ్ళు డాక్టర్లు కావాలనుకున్నాడు. ఆమె మధ్యేమార్గంగా మనస్తత్వశాస్త్రం చదివి, క్లినికల్ సైకాలజిస్టుగా పిల్లలతో పనిచేసింది. తర్వాత పిస్కేటర్, లీ స్ట్రాస్‌బర్గ్‌ల దగ్గర నటన నేర్చుకుంది. ఇంత శిక్షణ ఉన్నా నల్లజాతి నటికి వేషాలెక్కడ? 1950లలో తానొక్కతే నటించే ప్రదర్శన తయారుచేసుకుని ఊళ్ళు తిరిగింది. బడిలో నాటకం పాఠాలు చెప్పింది. తలుపు తెరుచుకోనప్పుడు మన ఇల్లు మనమే కట్టుకోవాలి కదా! అవకాశాల్లేని నల్లజాతి, ప్యూర్టోరికన్ యువనటులని చేరదీసి తర్ఫీదిచ్చిన ఆ బృందం అలాంటి ఇల్లే.

తన నాటకరూపాన్ని ఆమె ‘సాంగ్ ప్లే’ అంది. ఇందులో పాట కథకి మధ్యలో విరామం కాదు, కథని నడిపేదే పాట. నల్లవాళ్ళ చర్చిలో ఒక గొంతు ఎత్తుకుంటే మిగతా గొంతులు బదులిస్తాయి. ఆ పద్ధతిని రంగస్థలం మీదికి తెచ్చి, దాన్నే నాటక నిర్మాణంగా మార్చడం దర్శకురాలి పని. చూసేవాళ్ళకి అది అలవోకగా అనిపించిందంటే అంత కసరత్తు జరిగిందన్నమాట.

ఈ బృందంలో రూపుదిద్దుకున్న ‘డోంట్ బాదర్ మి, ఐ కాంట్ కోప్’ పేరే చూడండి. నా జోలికి రాకండి, ఇక నావల్ల కాదు అంటోంది. అందులో మాటలూ పాటలూ బాణీలూ అన్నీ మిక్కీ గ్రాంట్‌వే. పైగా తనూ నటించింది. 1972 ఏప్రిల్‌లో బ్రాడ్‌వేకి వెళ్ళి 1065 ప్రదర్శనలాడింది. బ్రాడ్‌వేలో దర్శకత్వం వహించిన తొలి నల్లజాతి స్త్రీ కారొల్. లొరైన్ హాన్స్‌బెరీ నాటకం అక్కడికి చేరింది 1959లో. దానికి దర్శకుడు మగవాడు. రచయిత్రి కలానికీ దర్శకురాలి కుర్చీకీ మధ్య పదమూడేళ్ళ దూరం!

వేదనని ఆటపాటల్లో చెప్పడం మెతకతనం కాదా అని అడిగేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. విసుగుని తాళం తప్పకుండా పాడటం కోపం చల్లారినవాళ్ళు చేసే పని కాదు.

మత్తయి సువార్త ఆధారంగా తీర్చిన ‘యువర్ ఆర్మ్స్ టూ షార్ట్ టు బాక్స్ విత్ గాడ్’ 1976లో బ్రాడ్‌వేకి వచ్చింది. అందులో పాడిన డెలొరెస్ హాల్‌కి టోనీ అవార్డు దక్కింది. రెండు నాటకాలకీ దర్శకత్వానికి నామినేషన్ అందుకున్న కారొల్‌కి మాత్రం రెండుసార్లూ రాలేదు. 1979లో ‘బట్ నెవర్ జామ్ టుడే’ ఎనిమిది ప్రదర్శనలకే ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె ఫ్లోరిడా వెళ్ళింది. అరవై దాటిన వయసులో, ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఒక పాత చర్చి భవనాన్ని నాటకశాలగా మార్చుకుని, మళ్ళీ మొదటినుంచి మరో బృందాన్ని కట్టింది. 2002లో చనిపోయింది.